నైరోబీకి మారుతున్నాం: కెన్యాలో వాతావరణ మార్పు రోజువారీ బతుకులో ఎక్కడ తగులుతుంది?

లావణ్య_బెజవాడ

అందరికీ నమస్కారం. మా వారికి నైరోబీలో ఉద్యోగం ఖాయమైంది. స్కూలు చూసుకుని నేనూ పిల్లలూ కూడా వెళ్లాలి. కెన్యా గురించి వెతికితే ఒక వార్తకీ ఇంకో వార్తకీ పొసగడం లేదు. 2022లో నలభై ఏళ్లలో ఎరగని కరువు అని ఉంటుంది. 2024కి వస్తే వరదల్లో ఇళ్లు కొట్టుకుపోయాయని ఉంటుంది. రెండింటికీ వాతావరణ మార్పే కారణమంటారు. సదస్సుల్లో చెప్పే మాటలు వద్దు. అక్కడ ఉంటున్నవాళ్లకి నీళ్లు, కరెంటు, కూరగాయల ధరలు, పిల్లల జ్వరాలు, ఇలాంటి వాటిలో ఇది ఎలా కనిపిస్తుందో చెప్పగలరా? కాస్త టెన్షన్‌గానే ఉంది.

నైరోబీ_నివాసి

లావణ్య గారూ, ముందు ఎండ భయం వదిలేయండి. నైరోబీ సముద్ర మట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ చాలా ఇళ్లలో ఫ్యాన్లే ఉండవు, జులైలో పిల్లలకి స్వెటర్లు వేయాలి. బెజవాడ నుంచి వచ్చేవాళ్లకి మొదటి నెలంతా ఏసీలో కూర్చున్నట్టే ఉంటుంది.

మీరు చదివిన రెండు వార్తలూ నిజమే. ఇక్కడ ఏడాదికి రెండు వానాకాలాలు. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు. 2020 చివర్లో చిన్న వానలు తప్పాయి. అక్కడి నుంచి 2022 చివరి దాకా వరసగా అయిదు సీజన్లు అలాగే పోయాయి. 2023 చివర్లో చిన్న వానలు వచ్చాయి, గారిస్సా లాంటి ఊళ్లకి రోడ్లు తెగిపోయేంతగా వచ్చాయి. 2024 పెద్ద వానల్లో దేశం మొత్తం మీద దాదాపు 300 మంది పోయారు. మూడేళ్లు ఆకాశం చూసి ఏడ్చిన మనుషులే ఆ తర్వాత ఆరు నెలల్లో రెండుసార్లు మునిగారు.

నీళ్ల సంగతి. నగరానికి వచ్చే నీళ్లలో ఎక్కువ భాగం మురాంగా కౌంటీలోని న్దకయిని డ్యామ్ నుంచి వస్తాయి. 2017లో ఆ డ్యామ్ అడుగంటినప్పుడు మొదలైన కోతలు అలవాటైపోయాయి. ఏ పేటకి ఏ రోజు అన్నది షెడ్యూలు ఉంటుంది, కానీ ఆ రోజున కూడా వస్తుందని నమ్మకం లేదు. అపార్టుమెంట్లు బోరు మీదో, ట్యాంకరు మీదో నడుస్తాయి. ఇక్కడ ట్యాంకరుని వాటర్ బౌజర్ అంటారు. ఆ రెండింటికీ స్తోమత లేనివాళ్లు 20 లీటర్ల పసుపు జెరికెన్లు కొనుక్కుంటారు. మామూలు రోజుల్లో క్యాను అయిదో పదో షిల్లింగులు, కొరత రాగానే రేటు ఎంత చెబితే అంత. లీటరు లెక్కన చూస్తే మురికివాడలో ఉన్నవాళ్లు నాకంటే ఎక్కువ డబ్బు పెట్టి నీళ్లు తాగుతున్నారు.

రాయలసీమ_రాజా

అన్నా, ఆ చివరి లైను అనంతపురానికి కూడా రాసుకోవచ్చు.

కఠిన_సత్యం

నాకొక అభ్యంతరం ఉంది. నీళ్లు రావడం లేదంటే వాతావరణ మార్పు, కాలువ పొంగిందంటే వాతావరణ మార్పు, ఉల్లిపాయ రేటు పెరిగిందంటే అదే. నైరోబీ జనాభా ఎంత పెరిగింది, కొత్త డ్యాములు ఎన్ని కట్టారు అని ఎవరూ అడగరు. పైపుల్లో సగం నీరు దారిలోనే పోతుంటే తప్పు మేఘాలదా? ఏ దేశంలోనైనా పాలకులకి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

నైరోబీ_నివాసి

సత్యం గారూ, పైపుల లీకుల విషయంలో మీతో గొడవ లేదు. కానీ పైపులన్నీ బాగుచేసినా డ్యామ్‌లోకి నీరు రావాలి కదా.

లావణ్య గారు కరెంటు గురించి అడిగారు. కెన్యాలో కరెంటు సుమారు తొంభై శాతం బొగ్గు, డీజిల్ లేకుండానే తయారవుతుంది. ఓల్కారియాలో భూగర్భ ఆవిరి, టుర్కానాలో గాలిమరలు, టానా నది మీద మసింగా మొదలుకొని వరసగా డ్యాములు. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో ఈ దేశం వాటా ఒక శాతంలో పదో వంతు కూడా లేదు. టానాలో నీరు తగ్గిన ఏడాది డీజిల్ కేంద్రాలు ఎక్కువ తిప్పుతారు, ఆ ఖర్చు ఇంధన ఛార్జీ పేరుతో మన బిల్లులోకే వస్తుంది. మన దగ్గర ఇంధన సర్దుబాటు ఛార్జీలు వేసినట్టే. ఇక్కడ మీటర్లు ఎక్కువగా ప్రీపెయిడ్. ఎంపెసా అనే ఫోన్ చెల్లింపు సేవలో డబ్బు కట్టి టోకెన్ నంబరు కొట్టాలి. వెయ్యి షిల్లింగులకి ఇంతకు ముందు వచ్చినన్ని యూనిట్లు రాకపోతే, ఎక్కడో వానలు తప్పాయని ఫోన్‌లోనే అర్థమవుతుంది.

గాలివాటం

వాతావరణ శాస్త్రం చదివినవాణ్ణి కాబట్టి ఇక్కడ కాస్త పొడుగ్గా రాస్తాను, విసుగొస్తే దాటేయండి.

మన నైరుతి రుతుపవనాల గాలికీ కెన్యాకీ చుట్టరికం ఉంది. దక్షిణార్ధగోళం నుంచి వచ్చే గాలి భూమధ్యరేఖని దాటేది తూర్పు ఆఫ్రికా తీరం దగ్గరే. అక్కడి ఎత్తయిన కొండలు గోడలా అడ్డుపడటంతో గాలి వేగం పుంజుకుని, సోమాలియా పక్కనుంచి తిరిగి అరేబియా సముద్రం మీదుగా మన వైపు వస్తుంది. దీన్ని సోమాలీ జెట్ అంటారు. 1960ల్లో ఫిండ్లేటర్ అనే శాస్త్రవేత్త వివరంగా కొలిచాడు కాబట్టి ఆయన పేరుతోనూ పిలుస్తారు. తమాషా ఏమిటంటే, మనకి వాన మోసుకొచ్చే నెలల్లో కెన్యాలో ఎక్కువ భాగం పొడిగా ఉంటుంది.

కెన్యా చిన్న వానల్ని శాసించేది హిందూ మహాసముద్రం. ఆఫ్రికా వైపు నీరు వేడెక్కి ఇండోనేషియా వైపు చల్లబడితే దాన్ని పాజిటివ్ డైపోల్ అంటారు. అప్పుడు తూర్పు ఆఫ్రికా మునుగుతుంది. 2019లో అలాగే అయింది, ఆ ఏడాది నవంబరులో వెస్ట్ పోకోట్‌లో కొండచరియలు పడి పదుల మంది చనిపోయారు. 2023లో డైపోల్‌కి ఎల్‌నినో, అంటే పసిఫిక్ నీరు వేడెక్కడం, కూడా తోడైంది. పసిఫిక్ నీరు చల్లబడే లానినా వస్తే దీనికి ఎదురు, చిన్న వానలు ఎండిపోతాయి. 2020 నుంచి 2022 దాకా లానినా మూడేళ్లు కదల్లేదు.

ఇంతవరకూ ప్రకృతి మామూలు ఆటే. మనిషి చేసిన భాగం ఎంత? 2023 ఏప్రిల్‌లో వరల్డ్ వెదర్ అట్రిబ్యూషన్ శాస్త్రవేత్తలు ఆ కరువుని లెక్కగట్టారు. భూమి వేడెక్కడం వల్ల అలాంటి కరువు వచ్చే అవకాశం దాదాపు వంద రెట్లు పెరిగిందన్నారు. ముఖ్య కారణం ఆవిరి. వాన అంతే తక్కువ పడినా, 1.2 డిగ్రీలు చల్లగా ఉన్న పాత ప్రపంచంలో నేల అంత త్వరగా ఎండేది కాదు, దాన్ని కరువు అని కూడా అనేవాళ్లు కాదట. పెద్ద వానలు తగ్గుతున్నాయి, చిన్న వానలు పెరిగే వైపు ఉన్నాయి అని కూడా వాళ్లే చెప్పారు.

సత్యం గారికి ఒక పాయింటు ఇస్తాను. ఇదే బృందం 2024 వరదల్ని చూసినప్పుడు అంత గట్టిగా చెప్పలేదు. వాన తీవ్రత సుమారు అయిదు శాతం పెరిగి ఉండొచ్చు, అది కూడా ఖాయంగా చెప్పలేం అన్నారు. నగరం పెరిగిన తీరునీ, నది ఒడ్డున కట్టిన ఇళ్లనీ ఎక్కువగా వేలెత్తి చూపారు.

కఠిన_సత్యం

ధన్యవాదాలు. నేను మొదటి నుంచీ అంటున్నది అదే. నైరోబీకి వాయవ్యాన ఉన్న మాయ్ మహియూ ఊరి సంగతి చూడండి. 2024 ఏప్రిల్ 29 తెల్లవారుజామున పదుల మంది ప్రాణాలు పోయాయి. మొదట డ్యామ్ తెగిందన్నారు. తీరా చూస్తే పాత రైలు కట్ట కింద తూము పూడుకుపోయి, వెనక నీళ్లు చెరువులా నిలిచి, కట్ట తెగింది. తూములో చెత్త తీయడానికి ఏ సదస్సు కావాలి?

లావణ్య_బెజవాడ

మాకు బుడమేరు గుర్తొస్తోంది. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్లు రెండో అంతస్తులో చిక్కుకుపోయారు. అప్పుడూ ఇదే వాదన. వాన ఎక్కువ పడిందా, వాగుని ఆక్రమించామా అని. రెండూ కాదంటానికి లేదు కదండీ. నడుము లోతు నీళ్లలో ఉన్నవాళ్లకి ఏది ఎన్ని శాతమన్నది పట్టదు.

నైరోబీ_నివాసి

సరిగ్గా చెప్పారు.

2024 ఏప్రిల్ వరదల్లో నైరోబీలో మాకు కనిపించింది చెబుతాను. మేమున్న వెస్ట్‌ల్యాండ్స్‌లో ఇబ్బంది అంటే ట్రాఫిక్, నెట్ పోవడం, సెల్లార్‌లో నీళ్లు. మా ఇంటికి పనికి వచ్చే ఆవిడది మథారే మురికివాడ. నది పొంగి వాళ్ల రేకుల గది గోడలతో సహా పోయింది. పిల్లల యూనిఫాం, సర్టిఫికెట్లు, గ్యాస్ సిలిండరు, అన్నీ. వారం తర్వాత నీళ్లు తీశాయి, అప్పుడు బుల్‌డోజర్లు వచ్చాయి. నదికి 30 మీటర్ల లోపున్న కట్టడాలన్నీ ఖాళీ చేయాలని ప్రభుత్వం ఆదేశించింది. ఇల్లు పోయిన కుటుంబానికి 10,000 షిల్లింగులు ఇస్తామని ప్రకటించారు. ఆ డబ్బుతో నగరంలో ఎన్ని నెలలు అద్దె కట్టొచ్చో, లావణ్య గారూ, ఇక్కడికి వచ్చాక మీకే తెలుస్తుంది.

వాన రోజు ఖర్చులు కూడా వేరుగా ఉంటాయి. చినుకు పడగానే మటాటు ఛార్జీ పెరుగుతుంది, ఒక్కోసారి రెట్టింపు. మటాటు అంటే మన షేర్ ఆటోలాంటి వ్యాను. రోజు కూలీ మీద బతికే మనిషికి వాన పడితే అటు పని ఉండదు, ఇటు తిరుగు ఛార్జీకి చాలదు, నడిచే వెళ్తాడు. ఆ ఏడాది ఏప్రిల్ 29న తెరవాల్సిన స్కూళ్లు రెండు వారాలు ఆలస్యంగా మే 13న తెరిచారు.

పశువుల_డాక్టరు

నేను హిందూపురం వాణ్ణి. మార్సబిట్, ఇసియోలో ప్రాంతాల్లో ఒక సంస్థ తరఫున కొంతకాలం పశువైద్యం చేసి వచ్చాను. పై పోస్టుల్లో అంతా నైరోబీయే ఉంది. దేశంలో ఎనభై శాతం నేల మెట్ట, అర్ధ మెట్ట. ఉత్తరాన బ్యాంకు ఖాతా అంటే పశువులే.

కరువులో పశువులు చచ్చే వరస ఒకటుంటుంది. మొదట ఆవులు, తర్వాత గొర్రెలు, తర్వాత మేకలు, చిట్టచివర ఒంటెలు. 2020 నుంచి 2022 వరకు సాగిన కరువులో కెన్యాలోనే 25 లక్షలకు పైగా పశువులు చచ్చాయి. అడవి జంతువుల్లో ఏనుగులే 205 పోయాయని 2022 నవంబరులో పర్యాటక శాఖ చెప్పింది. పేపర్లలో ఏనుగుల ఫొటోలే వచ్చాయి లెండి.

చావు కంటే ముందు జరిగేది ఎవరూ రాయరు. గడ్డి అయిపోగానే మగవాళ్లు మందని తోలుకుని వందల కిలోమీటర్లు పోతారు. ఆడవాళ్లూ ముసలివాళ్లూ చిన్నపిల్లలూ ఇంటి దగ్గర. మందతో పాటు పాలు కూడా పోతాయి. ఆ పిల్లల తిండిలో సగం పాలే. రెండు నెలల్లో పిల్లల చేతులు సన్నబడతాయి. అదే సమయంలో అందరూ ఒక్కసారే అమ్మకానికి తేవడంతో బక్కచిక్కిన ఆవుకి ధర ఉండదు, మొక్కజొన్న పిండి ధర మాత్రం కొండెక్కుతుంది. నిరుడు ఒక మేకని అమ్మితే వచ్చిన పిండికి ఈ ఏడు మూడు మేకలు కావాలి. కరువు మనిషిని ఎండతో కాదు, సంతలో చంపుతుంది.

కొన్ని మంచి ప్రయోగాలు కూడా జరిగాయి. 2010లో మార్సబిట్‌లో అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ ఇల్రీ వాళ్లు ఒక బీమా మొదలుపెట్టారు. ఏ ఆవు చచ్చిందని వెళ్లి చూడరు. ఉపగ్రహం నుంచి గడ్డి పచ్చదనం కొలుస్తారు, అది ఒక గీత కంటే కిందికి దిగితే అందరికీ డబ్బు. తర్వాత పశువు చావకముందే మేత కొనుక్కునేలా ముందుగా డబ్బిచ్చే పద్ధతి కూడా వచ్చింది. చిక్కు ఎక్కడంటే, ఉపగ్రహానికి పచ్చగా కనిపించేదంతా మేత కాదు.

రాయలసీమ_రాజా

డాక్టరు గారూ, పచ్చగా ఉండి మేత కానిదంటే మన సర్కారు తుమ్మేనా?

పశువుల_డాక్టరు

అదే. ఇక్కడా అక్కడా ఒకటే కంప. దాన్ని కెన్యాలో మథెంగే అంటారు. 1980ల్లో బరింగో ప్రాంతంలో ఎడారి పెరగకుండా, వంటచెరకుకి పనికొస్తుందని తెచ్చి నాటారు. ఆ కాయలు తిన్న మేకలకి తీపి గుజ్జు పళ్ల సందుల్లో ఇరుక్కుని పళ్లు రాలిపోతాయి. 2006లో అక్కడివాళ్లు ప్రభుత్వం మీద కేసు వేసి, పళ్లూడిన మేకని నైరోబీ కోర్టుకే తీసుకొచ్చారు. కరువు వచ్చిన ప్రతిసారీ మిగతా చెట్లు ఎండుతాయి, ఇది మాత్రం ఇంకాస్త ముందుకి వస్తుంది. పశువులు పోయినవాళ్లు చివరికి దాన్నే కొట్టి బొగ్గు కాల్చి రోడ్డు పక్కన బస్తాలు పెట్టి అమ్ముతున్నారు. మన అనంతపురం, కడప వైపు చేసినట్టే.

ఇంకోటి. సంబూరు వైపు ఆవులు వదిలి ఒంటెలకి మారుతున్నారు, కౌంటీ ప్రభుత్వమే ఒంటెలు పంచింది. ఎండని తట్టుకుంటుంది, ఆవు వట్టిపోయిన రోజుల్లో కూడా పాలిస్తుంది. లెక్కకి బాగుంది. కానీ పెళ్లికీ పరువుకీ ఆవునే లెక్కపెట్టే మనుషులు వాళ్లు. ఒంటెని తీసుకున్న ఒక పెద్దాయన నాతో, దీని పాలు తాగుతాను గానీ దీని మీద పాట కట్టలేను అన్నాడు.

కిసుము_కోడలు

నేను పడమటి వైపు నుంచి. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఇక్కడ మా బాధ ఇంకో రకం. విక్టోరియా సరస్సు 2020లో రికార్డు ఎత్తుకి పెరిగింది, 2024లో మళ్లీ. ఒడ్డున చేపలు దించే రేవులు, పబ్లిక్ మరుగుదొడ్లు, హోటళ్లు నీళ్లలోకి వెళ్లిపోయాయి. మరుగుదొడ్లు మునిగితే తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు, కలరా భయం. గుర్రపు డెక్క కూడా బాగా పెరుగుతుంది. గాలి ఎటు వీస్తే అటు కొట్టుకొచ్చి రేవుని మూసేస్తుంది, ఆ రోజు పడవ కదలదు, మార్కెట్లో చేప ఉండదు.

జ్వరాల గురించి అడిగారు కదా. కిసుములో మలేరియా ఎప్పుడూ ఉన్నదే, ఇక్కడివాళ్లు దోమతెర లేకుండా పడుకోరు. మార్పు కనిపిస్తున్నది పైన కొండల మీద, కెరిచో, కిసీ, నాండి వైపు. అక్కడ చలికి దోమ బతకదని ధీమాగా ఉండేవారు. ఇప్పుడు వేడి కొంచెం పెరగడం, వాన ఎక్కువ పడటం రెండూ కలిసిన ఏడాది జ్వరాలు పైకి పాకుతున్నాయి. చిన్నప్పటి నుంచి అలవాటు లేని ఒళ్లు కాబట్టి పెద్దవాళ్లకి కూడా గట్టిగానే వస్తుంది. నైరోబీలో ఉంటే మీకు పెద్ద భయం లేదు. కానీ సెలవులకి మా వైపు గానీ మొంబాసా వైపు గానీ వస్తే, తిరిగి వెళ్లాక పిల్లలకి జ్వరం వస్తే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి. నైరోబీలో అందరూ జలుబు జ్వరమే అనుకుంటారు.

పటాన్‌చెరు_పాతకాపు

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పనుల మీద మకుయేని, మచకోస్ వైపు తిరిగినవాణ్ణి, పంటల సంగతి నేను చెబుతాను.

ఆ ప్రాంతాన్ని ఉకంబానీ అంటారు. చూస్తే మహబూబ్‌నగర్‌లో దిగినట్టుంటుంది. ఎర్ర నేల, రాళ్లు, మామిడి తోటలు, పొలంలో కంది. అవునండీ, కంది. వాళ్లు మ్బాజీ అంటారు. తీరప్రాంతంలో కొబ్బరిపాలు పోసి వండి పొద్దున్నే తింటారు. పాత రకాలు కోతకి రావడానికి దాదాపు పది నెలలు పట్టేవి. చిన్న వానలకి విత్తితే పెద్ద వానలు కూడా తాగి ఆగస్టు, సెప్టెంబరుల్లో కాపుకి వచ్చేవి. రెండు వానల్లో ఏ ఒక్కటి తప్పినా పంట నీరసించేది. అందుకే ఇక్రిశాట్, కెన్యా శాస్త్రవేత్తలు కలిసి త్వరగా కోతకొచ్చే రకాలు తెచ్చారు. బయటివాళ్లు పెద్ద వానలు అనగానే అవే ముఖ్యం అనుకుంటారు. ఉకంబానీ రైతుకి నమ్మకమైనవి చిన్న వానలే. ఆ నమ్మకమే 2020 నుంచి మూడేళ్లు వరసగా పోయింది.

అసలు చిక్కు మొక్కజొన్న. కెన్యాలో అన్నం అంటే ఉగాలి, తెల్ల మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద. పక్కన సుకుమా వికీ అనే ఆకుకూర. రాగి సంగటి తిన్నవాడికి కొత్తేమీ కాదు, రంగు తెల్లగా ఉంటుంది, అంతే. కంకి పాలు పోసుకునే సమయంలో పది రోజులు వాన లేకపోతే మొక్కజొన్న పోయినట్టే. 2022లో రెండు కిలోల ఉంగా, అంటే పిండి ప్యాకెట్, 200 షిల్లింగులు దాటింది. ఎన్నికల ముందు జులైలో ప్రభుత్వం రాయితీ ఇచ్చి 100కి దించింది, ఆ సరుకు చాలా షాపుల్లో కనిపించనే లేదని గొడవ. ఆ కరువుకి ఉక్రెయిన్ యుద్ధం, ఎరువుల ధరలు కూడా తోడయ్యాయి. సత్యం గారు మళ్లీ అడుగుతారని ముందే చెబుతున్నా.

మరి జొన్న, రాగి వేసుకోవచ్చు కదా అని ఇక్కడ కూర్చుని అనడం తేలిక. రాగి పుట్టిందే తూర్పు ఆఫ్రికా ఎత్తు భూముల్లో, మనకి అక్కడి నుంచే వచ్చింది. ఊజి అని రాగి జావ ఇప్పటికీ పొద్దున్నే తాగుతారు. కానీ జొన్న వేస్తే క్వీలియా పిట్టలు లక్షల్లో దిగి కంకులు ఖాళీ చేస్తాయి. పిట్టల్ని తోలడానికి పిల్లలుండాలి, పిల్లలు బడిలో ఉన్నారు, ఉండాలి కూడా. పిండి దంచే శ్రమ వేరే. అందుకని ప్రతి రైతూ ఈసారైనా వాన పడుతుందేమోనని మళ్లీ మొక్కజొన్నే పెడతాడు. నాకైతే వాళ్ల మీద కోపం రాలేదు. మా నాన్న కూడా నీళ్లు లేని ఏళ్లలో వరే వేశాడు.

కత్తెర పురుగు కూడా ఆఫ్రికా మీదుగా వచ్చిందే. 2016లో పశ్చిమ ఆఫ్రికాలో కనిపించింది, మరుసటి ఏడాది కెన్యాలో, 2018లో కర్ణాటకలో, అక్కడి నుంచి మన మొక్కజొన్నలోకి. మధ్యమధ్య వాన ఆగి వేడిగా ఉంటే దానికి పండగ.

రాయలసీమ_రాజా

పాతకాపు గారూ, ఉకంబానీలో ఇసుక డ్యాములు ఉంటాయని విన్నా. మా పెన్నలో, చిత్రావతిలో చెలమలు తవ్వుకున్నట్టేనా?

పటాన్‌చెరు_పాతకాపు

సూత్రం అదే, ఒక మెట్టు పైన. వాగుకి అడ్డంగా కాంక్రీటు గోడ కడతారు. ఒకటి రెండు వానాకాలాల్లో దాని వెనక ఇసుక మేటవేస్తుంది. ఆ ఇసుకలో నీరు నిలుస్తుంది, ఎండకి ఆవిరి కాదు, దోమలు గుడ్లు పెట్టవు. ఎండాకాలం చెలమ తవ్వుకుంటారు, లేదా పక్కన చేతిపంపు వేస్తారు. కిటుయి, మచకోస్, మకుయేనిల్లో వందల సంఖ్యలో ఉన్నాయి. చాలావాటికి రాళ్లు మోసింది ఆడవాళ్ల సంఘాలే. అంతకు ముందు నీళ్ల కోసం గాడిదతో సగం రోజు నడిచేవాళ్లు వాళ్లే. శత్రువు ఎవరంటే నైరోబీలో అపార్టుమెంట్లు. ఇసుక లారీలు రాత్రిపూట వచ్చి వాగుని ఊడ్చుకుపోతాయి.

రాయలసీమ_రాజా

ఇసుక లారీలు లేని ఊరు ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఇల్లు మారిపోతా.

కఠిన_సత్యం

ఇంత చదివాక కూడా నా మాట నాదే, కాకపోతే కొంచెం సవరిస్తా. ఉత్తరాన పశువుల విషయంలో వాతావరణమే అని ఒప్పుకుంటున్నా. నగరంలో మాత్రం పాలనే. మరి కెన్యా మధ్యగా సాగే రిఫ్ట్ లోయలోని సరస్సుల సంగతేమిటి? కరువులో కూడా అవి పెరిగాయని చదివా. అది ఎందులో వేయాలి?

గాలివాటం

మంచి ప్రశ్న. బరింగో, నకూరు, నైవాషా, బొగోరియా 2010 ప్రాంతం నుంచి పెరుగుతున్నాయి, 2020లో ఒడ్డు ఊళ్లని ముంచాయి. బరింగోలో బడులు, ఆసుపత్రులు, హోటళ్లు నీటిలో ఉన్నాయి, మొసళ్లు పెరళ్లలోకి వస్తున్నాయి. నకూరులో ఉప్పు నీరు పలచబడి నాచు తగ్గింది, దాన్ని తినే ఫ్లమింగోలు వేరే సరస్సులకి లేచిపోయాయి, వాటిని చూడటానికి వచ్చే టూరిస్టులూ తగ్గారు. కారణాల్లో భూమి పొరల కదలికలు కూడా కలిపి వాదించేవాళ్లున్నారు. ప్రభుత్వ నివేదిక ఎక్కువ వానల్నీ, మావు అడవి లాంటి చోట్ల చెట్లు పోయి మట్టి కొట్టుకురావడాన్నీ ముందు పెట్టింది. మీ రెండు డబ్బాల్లో ఒకదాంట్లో పట్టదు.

మిడతల్ని కూడా అలాగే చూడాలి. 2018లో మెకును, లుబాన్ తుపానులు అరేబియా ఎడారిలో వాన కురిపిస్తే అక్కడ మిడతలు పుట్టాయి. 2019 చివర్లో కెన్యాలోకి దిగాయి, డెబ్బై ఏళ్లలో అంత దండు రాలేదు. 2020లో ఆ మిడతలే రాజస్థాన్, మహారాష్ట్ర దాకా రావడంతో తెలంగాణ సరిహద్దు జిల్లాల్లో కూడా కాపలా పెట్టారు. యెమెన్‌లో యుద్ధం వల్ల అక్కడ మందు కొట్టేవాళ్లు లేకపోవడం కూడా ఒక కారణమే.

మోడరేటర్

రాగి సంగటి, ఉగాలి రుచుల మీద వచ్చిన పోస్టులని వంటల విభాగంలోకి మార్చాను. ఒంటె పాల టీ ప్రశ్న కూడా అక్కడే. దయచేసి ఇక్కడ విషయం మీదే ఉండండి.

లావణ్య_బెజవాడ

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. ఇప్పుడు నాకు కావాల్సిన చిన్న ప్రశ్న. ఇల్లు చూసేటప్పుడు ఏమేం అడగాలి? ఏజెంటు పంపిన వాటిలో ఒకటి నది పక్కనే, చాలా అందంగా ఉంది. బోరు ఉంది, నీళ్లకి లోటు లేదంటున్నాడు.

నైరోబీ_నివాసి

నది పక్కది వద్దు. అందంగానే ఉంటుంది, మార్చి దాకా. ఆ 30 మీటర్ల గొడవలో పెద్ద అపార్టుమెంట్లకి కూడా నోటీసులు వచ్చాయి.

బోరు ఉందంటే సరిపోదు. నైరోబీ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, రిఫ్ట్ లోయ వైపు ఇంకా ఎక్కువ. నల్గొండ వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ ఊరి పేరున్న నల్గొండ పద్ధతినే టాంజానియా, ఇథియోపియాల్లో ఫ్లోరైడ్ తీయడానికి వాడి చూశారు. బోరు నీటి పరీక్ష కాగితం చూపించమనండి, చిన్నపిల్లలున్నారు కాబట్టి తాగడానికి, వంటకి వేరే నీళ్లు పెట్టుకోండి. బిల్డింగులో ట్యాంకు ఎన్ని లీటర్లు, ఎన్ని ఇళ్లకి, బౌజర్ తెప్పిస్తే ఖర్చు అద్దెలో ఉందా విడిగా పంచుతారా, ఇది రాతలో ఉండాలి. నోటి మాట నమ్మి నేను ఒకసారి బాగా వదిలించుకున్నా, ఆ ఓనరు పేరు ఇక్కడ రాయను.

కరివేపాకు, మునక్కాయలు పార్క్‌ల్యాండ్స్ వైపు దొరుకుతాయి. ఉల్లిపాయలు టాంజానియా నుంచి ఎక్కువ వస్తాయి, అక్కడ వాన ఎక్కువైనా తక్కువైనా ఇక్కడ రేటు ఎగురుతుంది. ఇంట్లో కొంచెం నిల్వ పెట్టుకోండి.

కిసుము_కోడలు

స్కూలు అడ్మిషన్ ఫారంలో బస్సు రూటు కూడా అడగండి. వాన రోజుల్లో ఏ బ్రిడ్జి మీదుగా వస్తుందో తెలిస్తే చాలు, సగం టెన్షన్ తగ్గుతుంది.

లావణ్య_బెజవాడ

నది పక్కది కొట్టేశాను. కిలిమానిలో మూడో అంతస్తు ఒకటి ఉంది, ట్యాంకు 24,000 లీటర్లు, పన్నెండు ఇళ్లు అన్నాడు. నీటి పరీక్ష కాగితం అడిగితే రేపు పంపుతానన్నాడు.

నైరోబీ_నివాసి

ఇంటికి రెండు వేల లీటర్లు, మూడు నాలుగు రోజులు లాగించొచ్చు. కాగితం వచ్చాక ఇక్కడ పెట్టండి, ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో చూద్దాం. అడ్వాన్సు మాత్రం ఆ తర్వాతే.